ఎత్తులు వ్రాసుకున్న ఆట
చదరంగ తంత్రాల అభ్యాసం – స్థానిక పత్రికా రచన
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది అయిదు సంవత్సరాల పాఠశాల జీవితంలో నేటికి భద్రంగా మిగిలినది వ్రాతలో నిలిచినదే. ప్రవేశ రిజిస్టరు, హాజరు పట్టీ, మార్కుల పుస్తకం – వీటిలో పేరున్న విద్యార్థి ఎంత దూరాన ఉన్నా ఈ బడికి చెందినవాడే. మైదానంలో ఆడిన ఆటలు, గెలిచిన గెలుపులు, ఓడిన ఓటములు మాత్రం ఎవరూ వ్రాసి ఉంచనందున జ్ఞాపకాలతో పాటు మాసిపోయాయి. క్రీడలన్నింటిలోనూ చదరంగానికి ఒక ప్రత్యేకత ఉంది. ఆడిన ఆటను మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తు వరకు కాగితం మీద పూర్తిగా వ్రాసి పెట్టవచ్చు. నూరేళ్ళ తరువాత ఎవరైనా ఆ కాగితం చూసి అదే ఆటను మళ్ళీ బల్ల మీద నడిపించవచ్చు. చదరంగ తంత్రాలు పిల్లలకు ఎలా పట్టుబడతాయి, వాటిని వాడవాడకూ చేర్చడంలో స్థానిక పత్రికా రచన ఏమి చేయగలదు అనే రెండు విషయాలు ఈ ఒక్క గుణం వల్లనే ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. ఆ ముడిని విశదం చేయడమే ఈ ప్రసంగ ఉద్దేశం.

గుడి అరుగు నుంచి చదరంగపు బల్లకు

ఆలోచనతో ఆడే ఆటలు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. గుడి అరుగుల మీద, చావడి బండల మీద పులి-మేక గీతలు, దాడి ఆట గళ్ళు పాత ఊళ్ళలో నేటికీ కనిపిస్తాయి. దాడి ఆటలో మూడు కాయలు ఒకే వరుసలోకి వస్తే ఎదుటివారి కాయ ఒకటి తీసివేయవచ్చు. ఒకే కాయను అటూ ఇటూ జరుపుతూ ప్రతిసారీ దాడి పడే అమరిక సంపాదించిన పిల్లవాడు ఆట గెలిచినట్లే. ఒక్క కదలికతో రెండు ప్రయోజనాలు సాధించడమనే సూత్రం ఆ గళ్ళలోనే ఉంది. పులి-మేకలో మేకలు ఒకదాని వెనుక మరొకటి నిలిచి పులి దూకడానికి చోటు లేకుండా చేస్తాయి. ఒక పావుకు మరొక పావు కాపు ఉండాలనే పాఠం అది. అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న ఈ ఆటలు వచ్చిన పిల్లవాడికి చదరంగంలో సగం దారి నడిచినట్లే లెక్క.

చదరంగానికి కూడా ఈ నేలతో పాత సంబంధమే ఉంది. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో రాజుల వినోదాలను వర్ణిస్తూ చదరంగానికీ స్థానం కల్పించాడు. ఆయన రాజధాని కల్యాణం నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణ. అంటే సిరవార పిల్లవాడు చదరంగపు బల్ల ముందు కూర్చున్నప్పుడు పరాయి ఆట ఆడుతున్నానని అనుకోవలసిన అవసరం లేదు.

పేర్లలో కొద్ది తేడాలున్నాయి. ఐమూలగా నడిచే పావును తెలుగు ఇళ్ళలో శకటు అంటే, వీధిలోని కన్నడ మిత్రుడు దానినే ఒంటె అంటాడు. ఆంగ్లంలో రాణి అయినది తెలుగులో మంత్రి. పేరు ఏదైనా నడక మాత్రం ఒక్కటే. తుంగభద్ర జలాశయం 1953లో సిద్ధమైన తరువాత కాలువ నీటి వెంట వచ్చి క్యాంపులలో స్థిరపడిన తెలుగు రైతుల పిల్లలు, తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల పిల్లలు ఒకే బల్లకు ఇరువైపులా కూర్చొని ఆడుకోవడానికి భాష అడ్డు రాని ఆట ఇది.

తంత్రం అంటే ఏమిటి?

చదరంగంలో దూరదృష్టితో చేసుకొనే ఏర్పాటును వ్యూహం అంటారు. రెండు మూడు ఎత్తులలో ఫలితం తేల్చేసే బలవంతపు మార్గమే తంత్రం. వ్యూహం పండడానికి అనుభవం కావాలి. తంత్రం మాత్రం ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా పట్టుబడుతుంది. అందుచేత బడిలో నేర్పవలసినది ముందుగా తంత్రాలనే.

మొదటిది జమిలి దాడి. ఒకే పావు ఏకకాలంలో రెండింటిని బెదిరించడం. నల్లరాజు తన మొదటి గడియైన ఈ8లో, నల్ల ఏనుగు మూలనున్న ఏ8లో కదలకుండా ఉన్నాయనుకుందాం. తెల్ల గుర్రం సీ7 గడిలోకి దూకితే రాజుకు చెక్, ఏనుగుకు ముప్పు. గుర్రాన్ని చంపే పావు లేకపోతే రాజు తప్పుకోక తప్పదు, ఏనుగు పోక తప్పదు. గుర్రానికి మాత్రమే ఈ శక్తి ఉందని పిల్లలు అనుకుంటారు. నిజానికి బంటు కూడా ఐమూల గళ్ళలోని రెండు పెద్ద పావులను ఒకేసారి బెదిరించగలదు. అల్పుడని బంటును నిర్లక్ష్యం చేయరాదన్న నీతి కథలన్నీ ఈ ఒక్క ఎత్తులో కనిపిస్తాయి.

రెండవది కట్టివేత. నల్ల గుర్రం సీ6లో ఉంది, దాని వెనుక డీ7 ఖాళీగా ఉంది, ఆ వెనుక ఈ8లో రాజు ఉన్నాడు. తెల్ల శకటు బీ5 గడిలో నిలిస్తే ఆ గుర్రం కదలరాదు. కదిలితే రాజు నేరుగా దెబ్బకు చిక్కుతాడు. ఆ గుర్రం బల్ల మీద ఉన్నా లేనట్లే. కట్టుబడిన పావు కాపలాను నమ్ముకొని వేరొక పావును నిలబెట్టడం బాలురు తరచుగా చేసే తప్పు.

మూడవది చాటు దాడి. శకటు ముందు గుర్రం అడ్డంగా నిలిచి ఉంటుంది. గుర్రం తప్పుకోగానే వెనుకనున్న శకటు చూపు శత్రు మంత్రి మీద పడుతుంది. తప్పుకుంటూ ఆ గుర్రం రాజుకు చెక్ కూడా చెప్పిందంటే, ఎదుటివాడు రాజును కాచుకొనే లోగా మంత్రి పోతుంది.

నాలుగవది వెనుక వరుస ఆటకట్టు. కోటలో భద్రంగా ఉన్నానని రాజు జీ8లో నిశ్చింతగా ఉంటాడు. ముందు ఎఫ్7, జీ7, హెచ్7 గళ్ళలో సొంత బంట్లు మూడూ గోడలా నిలిచి ఉంటాయి. ఎదుటి ఏనుగు కాపు లేని ఎనిమిదో వరుసలోకి దిగితే ఆ గోడే చెరసాల అవుతుంది. తీరిక ఉన్నప్పుడు ఒక బంటును ఒక గడి ముందుకు జరిపి గాలి ఆడే కిటికీ పెట్టుకోవడం పాత ఆటగాళ్ళ అలవాటు.

వీటన్నింటికీ పైన బలి ఉంది. పెద్ద పావును తెలిసి తెలిసి వదులుకొని అంతకు మించినది సాధించడం. పిల్లలకు అత్యంత ఇష్టమైనది ఇదే, అత్యంత ప్రమాదకరమైనదీ ఇదే. లెక్క సరిపోతే బలి, సరిపోకపోతే పారవేసుకోవడం. లెక్క చూడకుండా మంత్రిని ఇచ్చివేసి ధైర్యమని చెప్పుకోవడం చదరంగం కాదు.

ఈ తంత్రాలను బట్టీ పట్టడం వల్ల ప్రయోజనం లేదు. ప్రతి ఎత్తుకు ముందు మూడు ప్రశ్నలు వేసుకొనే అలవాటు చేయాలి. ఎదుటివారు ఇప్పుడు వేసిన ఎత్తు దేనిని బెదిరిస్తున్నది? ఈ స్థితిలో చెప్పగల చెక్కులు, చంపగల పావులు, చేయగల బెదిరింపులు ఏవేవి? వేయబోయే ఎత్తు తరువాత కాపు లేకుండా మిగిలే పావు ఏది? మొదటి ప్రశ్న వేసుకోవడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే ఎవరి ఆలోచన వారికి ముద్దు. ఎదుటివారి మనసులో ఏముందని క్షణం ఆగి యోచించే గుణం చదరంగపు బల్ల దగ్గరే కాక ఇంటిలోనూ, ఊరిలోనూ అవసరమే.

నాలుగు ఎత్తుల ఓటమి

చదరంగం నేర్చిన ప్రతి పిల్లవాడూ ఏదో ఒకనాడు నాలుగు ఎత్తులలో ఓడిపోతాడు. తెల్ల బంటు ఈ4కు, నల్ల బంటు ఈ5కు వస్తాయి. తెల్ల శకటు సీ4కు, నల్ల గుర్రం సీ6కు వస్తాయి. తెల్ల మంత్రి హెచ్5కు దూసుకు వస్తుంది. మంత్రిని బెదిరించాలన్న ఉత్సాహంతో నల్లవాడు రెండవ గుర్రాన్ని ఎఫ్6కు దూకిస్తాడు. మరుక్షణం తెల్ల మంత్రి ఎఫ్7 బంటును చంపి ఆటకట్టు చెబుతుంది. సీ4లోని శకటు కాపు ఉన్నందున రాజు మంత్రిని చంపలేడు. తప్పుకోవడానికి చోటు లేదు.

ఈ ఓటమి తరువాత పిల్లలు రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు పావులన్నీ చేత్తో కలిపివేసి, "నేను చూసుకోలేదు, మళ్ళీ ఆడదాం" అంటారు. వారు మరునాడు కూడా అలాగే ఓడిపోతారు. కొందరు ఎత్తులు వ్రాసుకొని ఉంటారు. ఆ కాగితం చూస్తూ ఆటను వెనుకకు నడిపిస్తే మూడవ ఎత్తు దగ్గర దోషం దొరుకుతుంది. ఎఫ్7 బంటుకు రాజు ఒక్కడే కాపు. దాని మీద శకటు, మంత్రి రెండూ గురిపెట్టాయి. గుర్రానికి బదులు జీ బంటును ఒక గడి ముందుకు జరిపి ఉంటే మంత్రి దారి మూసుకొని పోయేది, మంత్రే వెనుకడుగు వేయవలసి వచ్చేది. సొంత కలంతో వ్రాసిన సొంత తప్పు అది. దానిని ఆ పిల్లవాడు జన్మలో మరచిపోడు.

అందుకే సుదీర్ఘ సమయం ఇచ్చే అధికారిక పోటీలలో ఇద్దరు ఆటగాళ్ళూ ఎత్తులు వ్రాసి తీరాలన్న నియమం ఉంది. ఎత్తు వేసిన తరువాతే వ్రాయాలి. ఓడినవాడు కూడా ఆ పత్రం మీద సంతకం చేయాలి. తన ఓటమిని తన చేత్తో వ్రాసి, ఫలితానికి సంతకం చేసి, గెలిచినవారికి చేయి కలిపి లేవడం ఎంత గొప్ప శిక్షణో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు.

పత్రికలో ఒక గళ్ళ బొమ్మ

వ్రాత వల్ల ఆట చేతులు మారింది, దేశాలు దాటింది. అలెప్పో నగరానికి చెందిన ఫిలిప్ స్టమ్మా 1737లో పారిస్ నగరంలో నూరు చదరంగ సమస్యల పుస్తకం ప్రచురించాడు. గళ్ళకు అక్షరమూ అంకెయూ చేర్చి పేరు పెట్టే పద్ధతిని ఆ పుస్తకంలో వాడాడు. నేడు పిల్లలు ఈ4, సీ6 అని వ్రాసే పద్ధతికి మూలం అదే. 1813లో ఇంగ్లండులోని 'లివర్‌పూల్ మెర్క్యురీ' వార్తాపత్రిక చదరంగ శీర్షికను ప్రారంభించింది. వార్తాపత్రికలలో చదరంగ శీర్షికకు అదే ఆదిగా చెబుతారు. రాజధాని కాని ఒక రేవు పట్టణపు పత్రిక ఆ పని చేయడం గమనార్హం. చదరంగ పత్రికా రచన పుట్టుక నుంచే స్థానికమైనది.

భారతదేశంలో ఈ కృషికి మార్గదర్శి మాన్యుయెల్ ఆరన్. 1961లో ఆయన ఇంటర్నేషనల్ మాస్టర్ అయిన తొలి భారతీయుడు. ఆట గెలవడంతో ఆయన తృప్తి చెందలేదు. ఆట గురించి వ్రాశారు, 1983 నుంచి మద్రాసులో 'చెస్ మేట్' మాసపత్రిక నడిపారు. 1988లో విశ్వనాథన్ ఆనంద్ భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యే నాటికి అక్కడ ఆటగాళ్ళతో పాటు ఆటను చదివే పాఠకులు కూడా తయారై ఉన్నారు.

ఆనంద్ బాల్యంలోని ఒక ముచ్చట తల్లులందరూ వినదగినది. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం కొంతకాలం ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఉన్నది. అక్కడి టెలివిజన్‌లో ప్రతిరోజు మధ్యాహ్నం చదరంగ కార్యక్రమం వచ్చేది. చివరన ప్రేక్షకులకు ఒక సమస్య ఇచ్చేవారు. ఆ వేళకు బాలుడు బడిలో ఉండేవాడు. తల్లి సుశీల ఆ ఆటలను, ఆ సమస్యను కాగితం మీద వ్రాసి ఉంచేది. సాయంకాలం తల్లీ కొడుకూ కలిసి సాధించి జవాబు పంపేవారు. బహుమతిగా పుస్తకం వచ్చేది. ఆ బాలుడు ఎన్నిసార్లు గెలిచాడంటే, కావలసిన పుస్తకాలన్నీ ఒకేసారి తీసుకొని ఇక జవాబులు పంపవద్దని నిర్వాహకులు చెప్పవలసి వచ్చిందట. ప్రపంచ విజేత కథలో తొలి పాఠ్యపుస్తకం ఒక తల్లి చేతివ్రాత. ఖరీదైన శిక్షణాలయం అప్పటికి ఆ కథలో లేదు.

స్థానిక విలేకరి కలం

తెలుగు పత్రికలలో ఆటల వార్తలంటే చాలాకాలం క్రికెట్టు, రాజధాని నగరాల పోటీలే. 1974లో విశాఖపట్టణంలో ప్రారంభమైన 'ఈనాడు' 1989 నుంచి జిల్లాకొక ప్రత్యేక అనుబంధం వేయడం మొదలుపెట్టింది; ఇతర పత్రికలూ అదే బాట పట్టాయి. మండల కేంద్రంలోని విలేకరి వ్రాసిన నాలుగు పంక్తుల వార్తకు కూడా చోటు దొరికింది. పాఠశాల వార్షికోత్సవం, కబడ్డీ పోటీ, వాటి పక్కనే చిన్నపిల్లల చదరంగ పోటీ ఫలితాలు అచ్చయ్యాయి.

సరిగ్గా ఆ తరంలోనే కోస్తా పట్టణాల నుంచి ప్రపంచ స్థాయి క్రీడాకారులు వచ్చారు. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపికి తండ్రి అశోక్ గారే గురువు. ఆమె 1997లో పదేళ్ళలోపు, 1998లో పన్నెండేళ్ళలోపు, 2000లో పద్నాలుగేళ్ళలోపు బాలికల ప్రపంచ విజేత. 2002లో పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, అప్పటికి ఆ ఘనత సాధించిన మహిళలందరిలో పిన్న వయస్కురాలిగా నిలిచింది. తల్లి అయిన తరువాత 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో ప్రపంచ జూనియర్ విజేత. అదే గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2022లో నిండు గర్భిణిగా చెన్నై సమీపంలోని మహాబలిపురంలో ఒలింపియాడ్ ఆడి జట్టుతో కాంస్య పతకం అందుకొన్నది. వరంగల్లులో జన్మించిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 రేటింగు దాటాడు. ఆనంద్ తరువాత ఆ మెట్టు ఎక్కిన రెండవ భారతీయుడు. 2024 సెప్టెంబరులో బుడాపెస్టులో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ ఒలింపియాడ్ స్వర్ణాలు గెలిచినప్పుడు అర్జున్, హరికృష్ణ, హారిక ఆ జట్లలో ఉన్నారు.

ఈ విజయాలను పత్రికలు తెచ్చి పెట్టలేదు. వాటి వెనుక ఆటగాళ్ళ శ్రమ, తల్లిదండ్రుల త్యాగం ఉన్నాయి. అయితే గుడివాడలో ఒక బాలిక గెలిచిందన్న వార్త మరొక ఊరి తండ్రి చదివి తన కూతురికి చదరంగపు బల్ల కొని తేవాలంటే, ఆ వార్త ఎవరో ఒకరు వ్రాయాలి గదా! స్వల్ప పారితోషికానికి ఎండనక వాననక తిరిగి ఆ వార్త అందించే స్థానిక విలేకరి సేవ కొనియాడదగినది. ఇటువంటి ఉత్సవ వేదికల మీద ఆయనకు కుర్చీ వేయడం అరుదు. ఈ సభ ఆ లోటు తీర్చుకోవాలి.

ప్రశంసతో పాటు ఒక విన్నపం కూడా చేయవలసి ఉంది. చదరంగ పోటీ వార్తలో సామాన్యంగా ఏముంటుంది? పోటీని ప్రారంభించిన పెద్దల పేర్లు, జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి బంటును జరుపుతున్న ఛాయాచిత్రం, చివరన విజేతల జాబితా. ఆటలో ఏమి జరిగిందో ఒక్క పంక్తి ఉండదు. ఒక్కొక్కప్పుడు ఛాయాచిత్రంలో బల్లే తప్పుగా ఉంటుంది. ప్రతి ఆటగాడి కుడిచేతి మూల గడి తెల్లగా ఉండాలన్నది తొలి పాఠం. బల్ల అడ్డం తిరిగితే ఆ మూల నల్లగా కనిపిస్తుంది. పత్రికలో ఆ బొమ్మ చూసిన పిల్లవాడు అదే ఒప్పనుకొంటాడు. ఒక స్థితి బొమ్మ, గెలిపించిన ఒక్క ఎత్తు, ఆ ఎత్తుకు రెండు వాక్యాల వివరణ, ఓడిన బాలిక వేసిన మంచి ఎత్తు ఒకటి – ఇంతపాటి చేర్చితే అదే వార్త నూరు ఊళ్ళకు పాఠమవుతుంది.

అది సాధ్యమే అనడానికి నిదర్శనం ఉంది. 2024 డిసెంబరు 12న సింగపూరులో దొమ్మరాజు గుకేశ్ పద్దెనిమిదేళ్ళ వయసులో ప్రపంచ విజేత అయ్యాడు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన ఆ యువకుడు చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ను 7.5 – 6.5 పాయింట్లతో ఓడించాడు. పద్నాలుగవ ఆట, చివరి ఆట. గుకేశ్‌కు ఒక బంటు అధికంగా ఉన్నా ఆట సమానంగా ముగిసేట్లే ఉన్నది. యాభై అయిదవ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చి ఏనుగుల మార్పిడికి అవకాశమిచ్చాడు. గుకేశ్ ఏనుగులను మార్చుకొని తన శకటును డీ5లో నిలిపాడు. డింగ్ శకటు ఏ8 మూలలో ఉన్నది. అది కదలగల ఐమూల దారి మొత్తం ఎదుటి శకటు చూపులోనే ఉన్నది. పారిపోవడానికి గడి లేదు, మార్పిడి తప్పదు. శకట్లు పోయిన తరువాత మిగిలినవి రాజులూ బంట్లే, ఆ లెక్కలో అధికంగా ఉన్న బంటుదే గెలుపు. మూలకు చేరిన పావుకు దారులు తగ్గుతాయన్న చిన్న విషయం ప్రపంచ కిరీటాన్ని నిర్ణయించింది. ఈ వివరణకు పట్టినవి పది పన్నెండు వాక్యాలు. నాలుగవ తరగతి పిల్లకు అర్థం కానిది ఇందులో ఏదీ లేదు.

కాలువ చివరి పొలం

ఇక సిరవార సంగతి. కాలువ చివరి భూముల రైతులకు ఒక విషయం బాగా తెలుసు: పైన ఎంత నీరు వదిలినా చివరి పొలానికి చేరేసరికి ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు చేరనే చేరదు. శిక్షణ కూడా అంతే. హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో గ్రాండ్‌మాస్టర్లు పాఠాలు చెబుతారు. ఆ పాఠం పొలం గట్టు మీది బడికి చేరేసరికి ఇంకిపోతుంది. పైగా కన్నడ సీమలో తెలుగు మాధ్యమంలో చదివే బాలికకు పుస్తకం తెలుగులో దొరకడమూ కష్టమే. ఆమె తెలివికి లోటు లేదు. ఆ తెలివికి పని కల్పించే పాఠం అందడమే లోటు. పత్రికలో అచ్చయిన ఒక గళ్ళ బొమ్మ, దాని కింద తెలుగులో నాలుగు వాక్యాలు చివరి పొలానికి చేరే నీటి తడి వంటివి.

ఈ పని కోసం ఎవరి కోసమో ఎదురు చూడనక్కరలేదు. బడి గోడపత్రికలో వారానికి ఒక స్థితి బొమ్మ అతికించవచ్చు. సోమవారం ప్రశ్న, శనివారం జవాబు, సాధించిన పిల్లల పేర్లు. పిల్లలు ఆడిన ఆటలను ఒక నోటుపుస్తకంలో వరుసగా వ్రాయించి గ్రంథాలయంలో ఉంచవచ్చు. పై తరగతి బాలిక ఒక ఆటను ఎన్నుకొని, ఎక్కడ ఎందుకు మలుపు తిరిగిందో పది వాక్యాలలో వ్రాస్తే అది తెలుగు వ్యాసరచన, తర్కం, పత్రికా రచన – మూడింటికీ అభ్యాసమే. ఆ వ్యాసాలలో మేలైనవి కర్ణాటక పేజీలు వేసే తెలుగు పత్రికల విలేకరులకు అందజేయవచ్చు. మడిచి పెట్టుకొనే రెగ్జిన్ బోర్డులు, ప్లాస్టిక్ పావులు కొనడం పెద్ద ఖర్చు కాదు. పూర్వ విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క జత ఇచ్చినా ఒక తరగతి నిండుతుంది.

తల్లిదండ్రుల సందేహాలకు కూడా సమాధానం చెప్పాలి. చదరంగం ఆడితే లెక్కల మార్కులు పెరుగుతాయా అని అడుగుతారు. దీనికి నిజాయితీగా జవాబు చెప్పడం ధర్మం. ఇంగ్లండులో నూరు పాఠశాలలలో సుమారు నాలుగు వేల మంది పిల్లలతో జరిపిన పరిశీలన ఫలితం 2016లో వెలువడింది. తరగతిలో చదరంగం నేర్పిన ఏడాది తరువాత చూస్తే లెక్కలలో గానీ చదువులో గానీ ప్రత్యేకమైన పెరుగుదల కనిపించలేదు. కనుక మార్కుల ఆశ చూపి పిల్లలను బల్ల ముందు కూర్చోబెట్టడం సరి కాదు. తన తప్పును తానే వెదికి పట్టుకొనే ఓర్పు, ఓడినప్పుడు సాకులు వెదకని నిబ్బరం – వీటిని పిల్లవాడు ఆ బల్ల ముందు ప్రతిరోజూ సాధన చేస్తాడు. వాటికి మార్కుల పట్టీలో గడి లేదు. అయినా తమ పిల్లలలో ఆ గుణాలు ఉండాలని కోరని తల్లి ఎవరు?

సెల్‌ఫోనులోనే ఆడుకొంటున్నారు గదా అని మరికొందరు అంటారు. ఫోనులో సమస్యలు సాధించడం మంచిదే. అయితే యంత్రం సరియైన ఎత్తును క్షణంలో చూపిస్తుంది. ఆలోచన పుట్టే లోపలే జవాబు వచ్చి పడుతుంది. నిమిషాల ఆటలలో ఓడగానే మరొక ఆట మొదలవుతుంది. వెనుకకు తిరిగి చూసే తీరిక దొరకదు. రోజుకు ఒక్క ఆట నిదానంగా ఆడి, వ్రాసుకొని, ముందు తానే వెదికి, ఆ తరువాతనే యంత్రాన్ని అడగాలి. ఈ క్రమం తప్పించకూడదు.

ఆడపిల్లలకు ఎందుకీ ఆట అనే మాట ఇంకా అక్కడక్కడ వినిపిస్తున్నది. హంపి బాలుర పోటీలోనే పాల్గొని విజేతగా నిలిచింది. ఆ ఒక్క వాస్తవం చాలు. ఈ బడి బాలికలకు కావలసినది సాయంకాలం ఒక గంట తీరిక, ఇంట్లో ఒక ప్రోత్సాహ వాక్యం.

శత వార్షికోత్సవానికి

ఇరవై అయిదు సంవత్సరాల తరువాత ఈ పాఠశాల శత వార్షికోత్సవం జరుగుతుంది. ఆనాటి సంచిక కూర్చేవారు పాత రిజిస్టర్లు తిరగవేస్తారు. హాజరు పట్టీలు, మార్కుల పుస్తకాలతో పాటు వారికి ఒక చదరంగపు నోటుపుస్తకం కూడా దొరకాలి. అందులో నేటి మూడవ తరగతి పిల్ల గుండ్రని అక్షరాలతో వ్రాసిన నాలుగు ఎత్తుల ఓటమి ఉండాలి. కొన్ని పుటల తరువాత అదే పిల్ల అదే దాడిని జీ బంటుతో తిప్పికొట్టిన ఆట ఉండాలి. ఆ రెండు పుటల నడుమ జరిగినదే విద్య. దానిని చూసి వ్రాసే విలేకరి ఆనాటికి ఈ బడి పూర్వ విద్యార్థే కావాలని, ఆ వార్త తెలుగులో అచ్చు కావాలని ఆకాంక్షిద్దాం.

 పిల్లలకు విజయోస్తు.